కూర్చునేవాళ్ళే గీకాలి

శనివారం పొద్దున్నే మా బల్ల తిరిగొచ్చింది. తొక్కుడు రిక్షాలో అడ్డంగా వేసి, తాళ్ళు కట్టి, ఇద్దరు మనుషులు తీసుకొచ్చారు. ఒకాయన చనిపోయిన మేస్త్రీగారి అల్లుడు. రెండో ఆయన రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేవాళ్ళకి టిక్కెట్లు ఇచ్చే మనిషి. గేటు బయటే దింపారు, లోపలికి తేలేదు. ముందురోజు సమాధి దగ్గర్నుంచి రాగానే కడిగి, మళ్ళీ పొద్దున్న కూడా కడిగినట్టున్నారు. పలకల సందుల్లోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"టీచర్‌గారూ, దీన్ని పెరట్లోకి చేర్చేసి వెళ్ళమంటారా?" అని అడిగాడు అల్లుడు.

అతను అలా ఎందుకు అడిగాడో చెప్పాలి. మా నరసాపురంలో, మా క్రైస్తవుల ఇళ్ళలో, మనిషి పోతే పెట్టె వచ్చేదాకా పొడుగు బల్ల మీద పడుకోబెడతారు. ఇంట్లో ఉంటే ఇంట్లోదే, లేకపోతే తెలిసినవాళ్ళని అడిగి తెచ్చుకుంటారు. ఎక్కడా రాసిలేదు, ఏ పాస్టరుగారూ చెప్పలేదు గానీ, ఆ తర్వాత ఆ బల్ల మీద ఎవరూ కూర్చోరు. పెరట్లో ఓ మూల పడేస్తారు. అది వానకి నాని, ఎండకి పగిలి, చివరికి నీళ్ళ పొయ్యిలోకి పోతుంది. తొమ్మిదేళ్ళ క్రితం ఇదే బల్ల గురించి ఇదే ప్రశ్న అడిగితే నేను "పెరట్లోకే" అన్నాను. అప్పుడు దాని మీదనుంచి లేపింది మా ఆయన్ని.

ఈసారి ఆ మాట అనబుద్ధి కాలేదు. "ప్రస్తుతానికి అక్కడే ఉండనివ్వండి" అన్నాను. వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకుని రిక్షా తిప్పుకుని వెళ్ళిపోయారు. నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను. పెరట్లో కుళ్ళిపోతున్న ఆ బల్లని వాకిట్లోకి రప్పించిన మనిషే నిన్న దాని మీద పడుకుని వెళ్ళారు. ఇప్పుడు మళ్ళీ పెరట్లోకి పంపితే ఆయన చేసిందంతా గోదాట్లో కలిపినట్టే. వాకిట్లో వేస్తే మా అత్తగారు గుమ్మం దాటి బయటికి రావడమే మానేస్తారేమోనని నా భయం.

ఊళ్ళో అందరూ ఆయన్ని మేస్త్రీగారనే పిలిచేవారు. అసలు పేరు పెట్టె మీద రాసినప్పుడే నాకు తెలిసింది. ఇక్కడ రాయను. ఆ పేరుతో నాకు పరిచయం లేదు. నలభయ్యేళ్ళు రేవులో పడవలకీ పంటుకీ మరమ్మతులు చేసిన వడ్రంగి అని, రేవు దగ్గరే చిన్న ఇంట్లో ఒక్కరే ఉంటారని మాత్రం తెలుసు. నేనెరిగేనాటికే రెండు చేతులూ వణికేవి. టీ ఇస్తే గ్లాసుని రెండు చేతులతో పట్టుకునేవారు. ముందే చెప్పేవారు కూడా: "సగమే పొయ్యండమ్మా. నిండా పోస్తే మిగతా సగం దారిలోనే పోద్ది."

ఆయన నడక చూస్తే ఎక్కడికో పని మీద వెళ్తున్నట్టుండేది. నిజానికి ఎక్కడికీ కాదు. వీధిలో వెళ్తూ వెళ్తూ ఎవరి వాకిట్లోనైనా తుప్పు పట్టిన ఇనప కుర్చీ గానీ, జల్లుకి నల్లబడ్డ బల్ల గానీ, గొలుసు ఊడిన ఉయ్యాల గానీ కనిపిస్తే ఆగిపోయేవారు. గేటు తీసుకుని వెళ్ళి, వేళ్ళ మెటికలతో రెండుసార్లు కొట్టి, వంగి చెవి పెట్టి వినేవారు. తర్వాత వాసన చూసేవారు. ఇంటివాళ్ళు ఎవరో ఏంటోనని కంగారుగా బయటికొస్తే, "వందనాలండి. మీ బల్ల బతికే ఉందండి" అనేవారు.

'పాతది' అనే మాట ఆయన నోట నేను వినలేదు. ఎండ తగిలింది అనేవారు, ఉప్పుగాలి తగిలింది అనేవారు. పూర్తిగా పుచ్చిపోయి, వేలు పెడితే పొడి రాలే చెక్కని చూస్తే మాత్రం భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకునేవారు. "ఇంక దీన్ని వదిలెయ్యండమ్మా" అని మెల్లగా చెప్పి, ఒక నిమిషం నిలబడి వెళ్ళేవారు.

బతికే ఉన్నదైతే ఆయన మొదటి కోరిక బకెట్టు. "ఓ బకెట్టు బోర్లించండి" అని, దాని మీద కూర్చునేవారు. మంచి కుర్చీ వేసినా కూర్చునేవారు కాదు. ఆ బకెట్టు మీంచి ఆ ఇంటివాళ్ళ చేత పని చేయించేవారు. గాజు పెంకు ఎలా పట్టుకోవాలో, పాత రంగుని చెక్క నార వెంబడి ఎలా గీకాలో, ఇనుమైతే తుప్పుని తీగ బ్రష్షుతో ఎంతవరకు రుద్దాలో, కడిగాక ఎన్నాళ్ళు ఆరబెట్టాలో, అన్నీ నోటితోనే. తను మాత్రం వేలు పెట్టేవారు కాదు. ఎవరైనా "ఓ కూలివాణ్ణి పెట్టుకుంటాం లెండి" అంటే ఆయన జవాబు ఒక్కటే: "కూర్చునేవాళ్ళే గీకాలండి."

బజార్లో బియ్యం కొట్టు ఆయనకి మేడ మీద నాలుగు ఇనప కుర్చీలు ఉన్నాయి, వాళ్ళ నాన్నగారి కాలం నాటివి. మేస్త్రీగారిని పిలిపించి, కొట్లో బస్తాలు మోసే మనిషిని ఎదురుగా నిలబెట్టి, "వీడికి చెప్పండి, చేస్తాడు" అన్నారట. మేస్త్రీగారు బకెట్టు మీంచి లేచి, "మరి వాకిట్లో కూర్చుని కాఫీ తాగేది కూడా ఈయనేనాండి?" అని అడిగి, చెప్పులేసుకుని వచ్చేశారు. కొట్టు ఆయనకి తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఆగి, కుర్చీలు కొట్టు ముందుకి దింపించి, లుంగీ ఎగ్గట్టి, వచ్చేపోయే బేరాల ముందే తుప్పు రుద్దుతూ కనిపించారు. చంద్రుడికో నూలుపోగు అన్నట్టు మొదటి కుర్చీ ఒక్కటే తను చేసి తక్కినవి వదిలేస్తారనుకున్నాం. నాలుగూ ఆయనే చేశారు.

మేస్త్రీగారికి ఇంకో అలవాటు ఉంది. పని పూర్తయ్యాక రెండు మూడు రోజులాగి వచ్చి, గేటు దగ్గరే నిలబడి "కూర్చున్నారాండి?" అని అడిగేవారు. "ఆయ్, కూర్చున్నామండి" అంటే చెయ్యెత్తి నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవారు. అంతే. ఇంక ఆ గేటు తియ్యరు. వీధిలో కనిపిస్తే నవ్వుతారు, మంచీచెడ్డా అడుగుతారు, లోపలికి రమ్మంటే మాత్రం రారు. బియ్యం కొట్టు ఆయన ఎన్నిసార్లు కాఫీకి పిలిచినా రోడ్డు మీద నిలబడే తాగారు. ఎందుకండీ అంటే, "పనయిపోయిన రేవులో పడవ ఆపకూడదండి" అనేవారు. అది పొగరో బిడియమో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఎవరికీ భారం కాకూడదన్న పట్టుదల అని ఇప్పుడనిపిస్తుంది.

మూడేళ్ళ క్రితం, వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక శనివారం ఆయన మా గేటు తీశారు. మా వాకిట్లో ఏమీ లేదు. పక్క సందులోంచి పెరడు కనిపిస్తుంది. అక్కడ మునగచెట్టు కింద బల్ల, దాని మీద బూడిద డబ్బా, విరిగిన చాట. ఆయన తిన్నగా వెళ్ళి మెటికలతో కొట్టారు. నేను చీపురు పట్టుకుని ఉన్నదాన్ని ఉన్నట్టే పరిగెత్తాను.

"అది వద్దండి" అన్నాను.

ఆయన వంగినచోటి నుంచి లేవకుండానే, "ఎవరిని పడుకోబెట్టారమ్మా?" అన్నారు.

"మా ఆయన్ని."

ఆయన తువ్వాలు తీస్తారేమో అనుకున్నాను. తియ్యలేదు. అరచేత్తో బూడిద దులిపారు. "చెక్కేం చేసిందమ్మా?" అన్నారు. "ఎన్నేళ్ళు కూర్చున్నారండి దీని మీద ఆయన?" అని అడిగారు.

"నా పెళ్ళయిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ళు నేను చూశాను" అన్నాను.

అప్పుడు పెరటి కిటికీలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "పద్దెనిమిదేంటి? ఆ బల్ల పట్టుకునే నిలబడ్డం నేర్చుకున్నాడు."

మేస్త్రీగారు కిటికీ వైపు తిరిగి వందనం పెట్టారు. "మరి పడుకున్నది ఎంతసేపండి?"

నేనే చెప్పాను. "ఒక్క పూట."

బతికిన నలభయ్యేడేళ్ళూ కూర్చున్న బల్లని మేం ఒక్క పూట కోసం వెలివేశామని ఆయన అనలేదు, నాకే తట్టింది. లోపలికి వెళ్ళి బకెట్టు తెచ్చి బోర్లించాను.

మా ఆయన కాలవ లాకుల ఆఫీసులో గుమాస్తా. ఓ పొద్దున్న ఆఫీసుకి చొక్కా తొడుక్కుంటూ గుండె పట్టుకుని కూలిపోయారు. పిల్లలు లేరు. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది నేనూ, అత్తగారూ. ఆవిడకి పద్నాలుగో యేటి నుంచీ లేసు అల్లిక వచ్చు. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి నేర్పింది ఆవిడే. కొడుకు బతికుండగా ఆ బల్ల మీద, వాకిట్లో వెలుతురులో కూర్చుని అల్లేవారు. తర్వాత లోపల కిటికీ పక్క స్టూలు మీదకి మారిపోయారు. చూపు తగ్గుతోందని, బయట కూర్చోమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తే రెండు రోజుల్లో పక్కింటివాళ్ళకి ఇచ్చేశారు.

ఇంక నా గీకుడు మొదలైంది. బడి నుంచి రాగానే ఓ గంట, శనివారం పూటంతా. చాకలి సోడా కలిపిన వేణ్ణీళ్ళు పోసి, మెత్తబడ్డ రంగుని గాజు పెంకుతో నార వెంబడి లాగాలి. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద గోధుమ, మళ్ళీ ఆకుపచ్చ. మా ఆయన ప్రతి డిసెంబరులోనూ ఇంటికి సున్నం వేయించి, కిటికీలకి రంగు తనే వేసి, డబ్బాలో అడుగున మిగిలిన రంగు పారబోయడం ఇష్టంలేక బల్లకి పూసేవారు. పాత రంగు గీకాలన్న ఆలోచనే ఉండేది కాదు. మేస్త్రీగారు పెచ్చు ఒకటి తీసి అంచున పొరలు చూస్తూ, "మీరొక్కరే కాదమ్మా, మన సంఘాల్లో ప్రతి ఇంట్లోనూ ఇంతే. క్రిస్మస్ వచ్చిందంటే బల్లకి కొత్త చొక్కా తొడుగుతాం, స్నానం మటుకు చేయించం. లోపల చెమ్మ బయటికి రాలేక చెక్కని తినేస్తది. పైన పటారం, లోన లొటారం" అన్నారు.

ఇంకా లోపల మరో గోధుమ రంగు పొర కింద ఒకరోజు గులాబీ రంగు బయటపడింది. నా పెళ్ళయిన మొదటి క్రిస్మస్‌కి కిటికీలకి ఏ రంగు వేద్దామని అడిగితే, కొత్తకోడల్ని, ఆలోచించకుండా గులాబీ అన్నాను. ఆయన వేసేశారు. కిటికీలూ, బల్లా, అన్నీ గులాబీ. వీధంతా నవ్వింది. మరుసటేడు మారుమాట లేకుండా గోధుమ రంగు వేసేశారు. నేనా సంగతే మరిచిపోయాను. పెంకు కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. తిరిగొచ్చేసరికి మేస్త్రీగారు బకెట్టు మీదే ఉన్నారు.

"ఇది కూడా గీకాలాండి?" అన్నాను.

"అది మీ ఇష్టమమ్మా. చెక్కకి మటుకు ఊపిరాడట్లేదు."

గీకాను. మేస్త్రీగారి మీద కోపం కూడా వచ్చింది ఆ పూట.

నవంబరు ఆఖరికి చెక్క బయటపడింది. నేల తగిలి పుచ్చిన కాళ్ళ చివర్లు పక్కవీధి వడ్రంగి చేత కోయించాం, బల్ల కొంచెం పొట్టిదైంది. కడిగి, వాకిట్లో నీడన పెట్టాం. "ఎండలో పెట్టకండి. పైన ఆరుద్ది, లోపల ఏడుస్తానే ఉంటది. ఆరాక అవిసెనూనె పట్టిద్దాం, రంగు వద్దు. పడవకైనా బల్లకైనా రంగు అందానికండి, నూనె ప్రాణానికి" అని చెప్పి, భీమవరంలో కూతురింటికి వెళ్ళారు. నాలుగు రోజుల్లో వస్తానన్నారు.

ఆ నాలుగు రోజులూ నేను ఆగలేకపోయాను. డిసెంబరు వచ్చిందంటే కేరల్స్ పాడేవాళ్ళు ఇంటికొస్తారు. ఇల్లంతా కొత్త రంగుతో ఉంటే వాకిట్లో ఆ బల్ల బోసిగా, బట్ట కట్టని మనిషిలా ఉంది. పాస్టరుగారు వస్తే ఎక్కడ కూర్చుంటారు? బజారుకెళ్ళి నీలం ఎనామిల్ డబ్బా తెచ్చి, సాయంత్రం మంచు పడుతుండగా రెండు పూతలు పూసేశాను. ఎన్ని పొరలు గీకానో, ఎందుకు గీకానో అంతా చూసినదాన్ని, మళ్ళీ అదే పని చేశాను. చదువుకున్నదాన్ని, పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. మూడో రోజుకి రంగంతా బొబ్బలెక్కింది.

మేస్త్రీగారు వచ్చి ఒక బొబ్బని బొటనవేలితో నొక్కారు. నీళ్ళొచ్చాయి. "తడి మీద వేశారమ్మా" అన్నారు. తిట్టలేదు. "గాజు పెంకు ఉందా?" అన్నారు.

"నా వల్ల కాదండి" అన్నాను. "ఆయన్ని ఒకసారి పోగొట్టుకున్నాను. గీకి గీకి రెండోసారి పోగొట్టుకున్నాను. ఇంక నేను గీకలేను. దీన్ని పొయ్యిలో పెట్టించెయ్యండి."

ఆయన బకెట్టు మీంచి లేచారు. నూతిగట్టు మీదున్న పెంకు తనే తెచ్చుకుని బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయన చేతిలో పనిముట్టు చూడటం నాకదే మొదలు. మొదటి లాగుడుకి నీలం రంగు పొడుగాటి రిబ్బనులా లేచింది. ఎంత పనివాడో ఆ ఒక్క లాగుడులో తెలిసింది. రెండో లాగుడుకి చెయ్యి ఎగిరింది. పెంకు మూల చెక్కలోకి దిగి అడ్డంగా లోతైన గీత పడింది, ఆయన బొటనవేలు తెగింది. ఆయన వేలు చూసుకోలేదు, ఆ గీతే చూశారు.

"నలభయ్యేళ్ళు గీకానండి" అన్నారు. నాతో అన్నట్టు లేదు. చేతులు రెండూ తువ్వాల్లో చుట్టేసుకుని తల దించుకున్నారు. అంత సిగ్గుపడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. కూర్చునేవాళ్ళే గీకాలన్న ఆ పట్టుదల వెనక ఈ చేతులు కూడా ఉన్నాయని అప్పుడర్థమైంది. ఆ మాట నిజం కాకుండా పోలేదు, కానీ దాని వెనక ఇంత దాచుకున్నారు.

తలుపు చప్పుడైంది. మా అత్తగారు బయటికొచ్చారు. ఆరేళ్ళుగా ఆవిడ ఆ బల్లకి ఎదురుగా రాలేదు. "చెయ్యి కడిగి పసుపు పెట్టు" అని నాకు చెప్పి, ఆయన ఒళ్ళోంచి పెంకు తీసుకుని, చీరచెంగుతో నెత్తురు తుడిచి, నొప్పుల మోకాళ్ళతోనే నేల మీద చతికిలబడ్డారు.

"మేస్త్రీగారూ, మీరు లేచి ఆ బకెట్టు మీద కూర్చోండి. ఎటు గీకాలి?"

"నార వెంబడండి పెద్దమ్మగారూ. మీవైపు నుంచి అటు."

మధ్యాహ్నం దాకా గీకారు. అల్లిక పనికి అలవాటైన చెయ్యి, ఎక్కడా తొట్రుపడలేదు. మధ్యలో ఒకే ఒక్క మాటన్నారు, "మావాడూ ఇంతే. తడి ఆరేదాకా ఆగేవాడు కాదు" అని. ఆ మాటతో ఆరేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఉన్నదేదో సడలింది. కొడుకు పోయిన తర్వాత ఆవిడ నా దగ్గర కొడుకు ఊసెత్తడం అదే మొదటిసారి. నేనూ పక్కన కూర్చుని బల్ల కాళ్ళు గీకాను.

ఆ క్రిస్మస్‌కి కేరల్స్ వాళ్ళు చాపల మీదే కూర్చున్నారు. పుట్టేమీ మునిగిపోలేదు. జనవరిలో చెక్క నిజంగా ఆరాక గోరువెచ్చటి నూనె గుడ్డతో పట్టించాం, వారానికొకసారి చొప్పున మూడుసార్లు. మేస్త్రీగారి చేతి గీత అలాగే ఉండిపోయింది. పూడ్చేద్దామని ఆయనంటే అత్తగారే వద్దన్నారు. బల్లని వాకిట్లో, ముందుగది కిటికీ కింద వేశాం. నేను మర్నాడే కూర్చున్నాను.

రెండ్రోజులాగి ఆయనొచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. "కూర్చున్నారాండి?"

"ఆయ్, కూర్చున్నానండి."

"మీరు సరేనమ్మా. పెద్దమ్మగారు?"

"లేదండి."

"అలాగాండి" అన్నారు. గేటు తీసుకుని లోపలికొచ్చారు. తనే బకెట్టు బోర్లించుకున్నారు.

మూడేళ్ళు ఇదే వరస. రెండు వారాలకోసారి శనివారం వస్తారు, అదే ప్రశ్న, అదే జవాబు, బకెట్టు, సగం గ్లాసు టీ. అత్తగారు కిటికీ లోపల స్టూలు మీద అల్లుకుంటూ ఉండేవారు, ఆయన బయట. మాటలు కిటికీలోంచి నడిచేవి. పోటు ఎంతవరకొచ్చింది, పంటు ఎందుకాగింది, చర్చి గంట తాడు ఎవరు మార్చారు. ఓసారి ఆవిడ అల్లిన లేసు చువ్వల సందులోంచి అందుకుని వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు. "తాడైనా దారమైనా ముడి ముడేనండి. మీది విప్పలేం" అన్నారు. ఆవిడ నవ్వారు. నేను లోపల్నుంచి విని, ముసలాయన ఊసుపోక వస్తున్నాడు, ఈవిడ మర్యాదకి భరిస్తున్నారు అనుకున్నాను. ఆవిడ బల్ల మీద కూర్చోకపోవడం కొడుకు మీద దిగులే అనుకున్నాను. దిగులు తీరేదాకా ఆగాలి గానీ బలవంతం చెయ్యకూడదని ఊరుకున్నాను.

మొన్న గురువారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి లేవలేదట. శుక్రవారం పొద్దున్న అల్లుడొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "పెట్టె వచ్చేసరికి సాయంత్రమవుతాదండి. మామగారింట్లో పడుకోబెట్టడానికి బల్ల కూడా లేదండి. ఊరందరి బల్లలూ బాగుచేయించి తనకొకటి ఉంచుకోలేదు" అన్నాడు.

నేను అబద్ధమాడాను. "కాలు వదులైందండి, బరువు ఆగదేమో" అన్నాను. ఆ బల్ల వెళ్తే ఎలా తిరిగొస్తుందో నాకు తెలుసు. ఒకసారి కొడుకుని మోసింది, ఇప్పుడు ఈయన్ని కూడా మోస్తే మా అత్తగారు ఇంక జన్మలో దాని మీద కూర్చోరు. ఆ మనిషి మూడేళ్ళు అడిగిన జవాబు ఎప్పటికీ 'లేదండి'గానే ఉండిపోతుంది. ఆయన కోసమే ఆయనకి బల్ల లేదన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"కాలు బాగానే ఉంది. తీసుకెళ్ళమను" అన్నారు అత్తగారు కిటికీలోంచి.

సాయంత్రం సమాధికి ముందు వెళ్ళి చూశాను. నూనె తాగి నల్లగా మెరుస్తున్న మా బల్ల మీద తెల్ల దుప్పటి కప్పుకుని పడుకున్నారు. చేతులు రెండూ గుండెల మీద పెట్టారు. ఆ చేతులు కదలకుండా ఉండటం చూసి తట్టుకోలేకపోయాను. పాట మధ్యలోనే బయటికొచ్చేశాను.

ఇదీ జరిగింది. శనివారం పొద్దున్న గేటు దగ్గర నిలబడి నేను ఇవన్నీ తలుచుకుంటూ ఉండగా, మా అత్తగారు పాత లంగా గుడ్డ ఒకటి పట్టుకుని బయటికొచ్చారు. నన్ను తప్పుకోమని, బల్ల పలకలన్నీ తుడిచారు. సందుల్లో గుడ్డ దూర్చి తడి లాగారు. తర్వాత ఒక చివర పట్టుకుని, "ఎత్తు" అన్నారు.

"ఎక్కడికత్తయ్యా?"

"ఎక్కడికేంటి? దాని చోటుకి."

ఇద్దరం ఆగి ఆగి మోసుకొచ్చి కిటికీ కింద వేశాం. ఆవిడ గోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నారు. నేను ఇంక ఉండబట్టలేక అన్నాను. "మీకు కష్టంగా ఉంటే పెరట్లో వేసేద్దాం అత్తయ్యా. నేనేమీ అనుకోను. మీ అబ్బాయి గుర్తొచ్చే కదా మూడేళ్ళుగా మీరు దీని మీద కూర్చోలేదు."

ఆవిడ నావైపు వింతగా చూశారు. "వాడు గుర్తొచ్చా? వాడు ఎక్కడ కూర్చున్నా గుర్తొస్తాడు. దానికి బల్లెందుకు?"

"మరి?"

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకున్నారు. గుడ్డ మడత పెట్టారు. "నేను కూర్చున్నానని తెలిస్తే ఆయనింక మన గేటు తియ్యడు కదమ్మా" అన్నారు.

అనేసి బల్ల మీద కూర్చున్నారు, ఆ లోతు గీత పక్కనే. ఎనభయ్యేళ్ళ మనిషి. మాట్లాడటానికి ఒక మనిషి వస్తాడని, చూపు పోతున్నా చీకటి గదిలో స్టూలు మీద మూడేళ్ళు కూర్చుంది. ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియలేదు. ఆయనకి తెలుసో తెలియదో. అడిగినప్పుడల్లా "లేదండి" అని చెప్పింది నేనే. ఈరోజు "కూర్చున్నారండి" అని చెబుదామంటే గేటు దగ్గర ఎవరూ లేరు.